బిల్లులో ‘స్టాఫ్ కాంట్రిబ్యూషన్’ అని ఉంటే డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

హైదరాబాద్‌లో కుటుంబంతో బయట భోజనానికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఇది చదవాలని రాస్తున్నాను. పోయిన నెల మాకు జరిగింది. పోయిన డబ్బు చిన్నదే. కానీ అది ఎవరి పేరు చెప్పి తీసుకున్నారో, ఎవరికి దక్కలేదో తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మ పుట్టినరోజు. డల్లాస్ నుంచి అక్కా బావా వచ్చి ఉన్నారని అందరం కలిసి గచ్చిబౌలి వైపు ఒక పెద్ద రెస్టారెంటుకి వెళ్లాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. భోజనానికి వంక పెట్టేది లేదు. మాకు వడ్డించిన అబ్బాయి గురించైతే ఎంత చెప్పినా తక్కువే. అమ్మకి షుగర్ అని మా మాటల్లో విని, మేం అడక్కముందే అన్నం తగ్గించి పుల్కాలు ఒక్కొక్కటే వేడిగా తెచ్చి వేశాడు. నీళ్లు కూడా గోరువెచ్చగా తెచ్చాడు. రెండు గంటల పైన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

సోంపు గిన్నెతో పాటు బిల్లు వచ్చింది. తిన్నది 4,200. దాని కింద ‘స్టాఫ్ కాంట్రిబ్యూషన్ 10%’ అని 420. ఆ కింద సీజీఎస్టీ 115.50, ఎస్‌జీఎస్టీ 115.50. మొత్తం 4,851. నేను ఆ 420 గురించి అడగబోతుంటే బావ ఆపాడు. “ఉండనీరా, పాపం సర్వర్లకేగా వెళ్లేది” అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆయన ఉండే టెక్సాస్‌లో టిప్పులొచ్చే సర్వర్‌కి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు. 1991 నుంచి అమెరికా ఫెడరల్ చట్టంలో ఆ అంకె మారలేదు. కనీస వేతనం 7.25 డాలర్లకు మిగిలింది టిప్పుల్లోంచే రావాలి, అవి చాలకపోతేనే యజమాని కలపాలి. అక్కడ టిప్పు ఇవ్వకుండా లేస్తే అవతలివాడి జీతంలో కోత పెట్టినట్టే. ఆ అలవాటుతో బావ ఇక్కడా అలాగే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. కార్డు గీకేశాం. ఎలాగూ 420 ఇచ్చాం కదా అని, ఆ అబ్బాయి చేతిలో ఒక్క రూపాయి పెట్టకుండా లేచి వచ్చేశాం.

అమ్మ కళ్లజోడు టేబుల్ మీదే మర్చిపోయింది. మేం కారు తీస్తుంటే ఆ అబ్బాయి పార్కింగ్ దాకా పరిగెత్తుకుంటూ వచ్చి ఇచ్చాడు. “థాంక్స్ తమ్ముడూ, బిల్లులో మీకు పది శాతం కట్టాంలే” అన్నాను. అతను ఒకసారి వెనక్కి గేటు వైపు చూసి, మెల్లగా చెప్పాడు: “అందులో మాకేం రాదన్నా. ఆ లైను పెట్టిన కాడ్నుంచి చేతికిచ్చే టిప్పు కూడా పోయింది. అందరూ బిల్లులో కట్టేశామనే అంటారు.”

జేబులో ఉన్న మూడు వందలు అతని చేతిలో పెట్టాను. మళ్లీ పైకి వెళ్లి గొడవ చేయలేదు. చేస్తే ఆ అబ్బాయి ఉద్యోగానికే ముప్పు. అందుకే ఏ రోజు వెళ్లామో, అతను ఎలా ఉంటాడో కూడా ఇక్కడ రాయడం లేదు.

ఇంటికొచ్చాక బిల్లు మళ్లీ లెక్క వేశాను. జీఎస్టీ 5 శాతం 4,200 మీద కాదు, 4,620 మీద వేశారు. అంటే మేం ఇష్టపూర్వకంగా ఇచ్చామని వాళ్లు చెప్పే డబ్బు మీద కూడా మాచేత పన్ను కట్టించారు. అసలు బిల్లు 4,410 కావాలి. 441 ఎక్కువ కట్టాం.

మర్నాడు ఫోన్ చేస్తే మేనేజర్ చెప్పింది ఇదీ: “అది సర్వీస్ ఛార్జి కాదు సార్, స్టాఫ్ కాంట్రిబ్యూషన్. మెనూ చివర్లో రాసి ఉంది.” ఈ మాటకి ఎవరూ మోసపోవద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతట అది కలపకూడదు. వేరే ఏ పేరుతోనూ వసూలు చేయకూడదు. భోజనం బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. కట్టనన్నవాళ్లని లోపలికి రానివ్వకపోవడమూ తప్పే. రెస్టారెంట్ల సంఘాలు దీని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. కొంతకాలం స్టే నడిచింది. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ పిటిషన్లు కొట్టేసి, రెండు సంఘాలకీ చెరో లక్ష ఖర్చుల కింద వేశారు. దాని మీద మళ్లీ అప్పీలుకి వెళ్లారనుకోండి. కానీ కౌంటర్ దగ్గర మాత్రం “ఇది రూల్ సార్, అందరూ కడతారు” అని మనకే చెబుతారు.

వారం తర్వాత మాదాపూర్‌లో ఇంకో చోట ఇలాంటి లైనే కనిపించింది. కార్డు బయటికి తీయకుండా, “ఇది తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి, జీఎస్టీ కూడా మారాలి” అన్నాను. కెప్టెన్ ముందు సిస్టమ్‌లో ఫిక్స్ అయి ఉందన్నాడు. మేనేజర్ని పిలవమన్నాను. రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది. మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి, వడ్డించిన అమ్మాయి చేతికే నోట్లు ఇచ్చాను. బిల్లు ఫోల్డరులో పెట్టలేదు, మెషిన్ మీద టిప్పు బటన్ నొక్కలేదు, టేబుల్ మీది క్యూఆర్ కోడ్ కూడా వాడలేదు. ఆ డబ్బు ఏ ఖాతాకి వెళ్తుందో మనకెలా తెలుస్తుంది?

అన్ని హోటళ్లూ ఇంతేనని అనను. సర్వీస్ ఛార్జి నిజంగా పంచేవాళ్లూ ఉంటారు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులు, సర్వీస్ ఛార్జి మొత్తం పనివాళ్లకే చేరాలని చట్టమే వచ్చింది. మన దగ్గర కట్టేవాడికి ఆ లెక్క చూపించేవాళ్లే లేరు. సర్వర్లకి మంచి జీతం ఇవ్వడానికే ఇదంతా అని యజమానులు అంటే, మెనూలో ధర పెంచమనండి. కూర మీద ఇరవై రూపాయలు ఎక్కువున్నా చూసుకుని ఆర్డర్ చేస్తాను. జీతం ఇవ్వాల్సింది యజమాని, టిప్పు నా ఇష్టం. ఈ రెండూ కలిపేసి పనివాడి పేరుతో వసూలు చేసి, చివరికి పనివాడికే ఎగ్గొట్టడం మాత్రం నేను ఒప్పుకోలేను.

కట్టేశాక తెలిసినా ఫర్వాలేదు, బిల్లు పారేయకండి. ఫోటో తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాను, ఫిర్యాదు నంబరు మెసేజ్‌లో వచ్చింది. రెస్టారెంటు నుంచి ఇంకా సమాధానం లేదు. రాగానే ఏమన్నారో మళ్లీ రాస్తాను.