షొస్తకోవిచ్ మొదటి సింఫనీ: ఏ హాల్లో, ఏ సీట్లో వినాలి?

రష్యన్ స్వరకర్త షొస్తకోవిచ్ మొదటి సింఫనీ (పెద్ద వాద్యబృందం వాయించే నాలుగు భాగాల కృతి) కోసమే రష్యా వెళ్తుంటే మాస్కో కన్నా ముందు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎప్పుడు వాయిస్తున్నారో చూడండి. సంగీత కళాశాల పట్టా కోసం షొస్తకోవిచ్ రాసిన దీన్ని, అతనికి పంతొమ్మిదేళ్లున్నప్పుడు, 1926 మే 12న వాద్యబృంద నిర్దేశకుడు నికొలాయ్ మాల్కో తొలిసారి వినిపించింది అక్కడి ఫిల్హార్మోనియా గ్రాండ్ హాల్లోనే. శ్రోతలు పట్టుబట్టి రెండో భాగాన్ని మళ్లీ వాయింపించుకున్నారు. హాలు మిఖాయిలోవ్‌స్కయా వీధి 2వ నంబరులో, గొస్తీనీ ద్వోర్ మెట్రోకి దగ్గర్లో ఉంది.

సీటు విషయంలో తొందరపడొద్దు. ఒకప్పుడు ప్రభువర్గం నాట్యాలకు వాడుకున్న హాలు ఇది. కింద ముందు వరసల్లో కూర్చుంటే వయొలిన్లే కళ్లకు అడ్డం. ఈ సింఫనీలో అసలు సంగతులు వెనక జరుగుతాయి. రెండో భాగం చివర పియానో ఒక్కటే మూడుసార్లు గట్టిగా మోగి పరుగును ఆపేస్తుంది. నాలుగో భాగంలో అందరూ ఆగిపోయాక టింపనీ (పెద్ద గిన్నెలాంటి డోళ్లు) ఒంటరిగా మూడుసార్లు పలుకుతుంది, ప్రతిసారీ మెత్తబడుతూ. ఆ వెంటనే ఒంటరి చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది, మంద్రంగా పలికే వాద్యం). ఇవి చూస్తూ వినాల్సినవి. అందుకే ‘ఖోరీ’ అనే పై గ్యాలరీలో, రెయిలింగ్‌ను ఆనుకున్న వరస దొరికితే కింది ఖరీదైన సీటు వదులుకున్నా నష్టం లేదు. తెల్లటి స్తంభాల వెనక సీట్లు మాత్రం వద్దు. వినిపిస్తుంది, కనిపించదు.

మాస్కోలోనే వినాల్సివస్తే, అక్కడి కన్సర్వేటరీ (సంగీత కళాశాల) గ్రేట్ హాల్ (1901) ధ్వనికి పేరుపొందింది. అక్కడ మొదటి యాంఫిథియేటర్ (మెట్లలా ఎత్తు పెరిగే వరసలు) తీసుకోండి. రెండోది మరీ ఎత్తు, దూరం.

సింఫనీ అరగంటకు కాస్త ఎక్కువ, అంతే. విరామానికి ముందే వాయిస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లకు మొత్తం పోయినట్టే, కచేరీకి ముందు మూడుసార్లు కొట్టే గంటల్లో చివరిది మోగేలోపు లోపల ఉండాలి. చలికాలంలో కోటు గార్డెరోబ్‌లో (కోట్లు దాచే చోట) ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, ఆ క్యూకి ఇరవై నిమిషాలు పెట్టుకోండి. మూడో భాగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి. సైడ్‌డ్రమ్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్) సన్నగా మొదలై పెరుగుతూ నాలుగో భాగంలోకి ఆగకుండా తీసుకెళ్తుంది.

పీటర్స్‌బర్గ్‌లో బసకు ప్రధాన వీధి నెవ్‌స్కీ పక్క వీధుల్లోని చిన్న హోటళ్లు చాలు. చాలావరకు పాత భవనాల పై అంతస్తుల్లో ఉంటాయి, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. హాలు ఎదురుగా ఉన్న గ్రాండ్ హోటల్ యూరప్ సౌకర్యానికి తిరుగులేదు, ధర కూడా అలాగే ఉంటుంది. నేవా నదికి అవతల వసీల్యెవ్‌స్కీ దీవిలో చవకైన గది తీసుకుంటే వేసవిలో ఒక చిక్కుంది: అర్ధరాత్రి దాటాక నేవా వంతెనలు ఎత్తేస్తారు, మెట్రో కూడా మూసేస్తారు. కచేరీ తర్వాత భోజనానికి ఆగితే నదికి ఇవతలే చాలాసేపు చిక్కుకుపోవచ్చు.

మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డ్‌లు 2022 మార్చి నుంచి అక్కడ చెల్లవు. మడతలు, మరకలు లేని డాలర్లో యూరోలో తీసుకెళ్లి బ్యాంకులో రూబుళ్లుగా మార్చుకోండి. గదికి వెళ్లాక కట్టేలా బుక్ చేసుకోండి, కచేరీ టికెట్ హాలు కౌంటర్లో నగదుకు కొనుక్కోండి. హోటల్‌వాళ్లు మీ పేరు నమోదు చేశాక ఇచ్చే కాగితాన్ని దేశం దాటేదాకా పాస్‌పోర్టులోనే ఉంచండి.