గ్రీజు చేతులతో ఆరేళ్లు: వాట్సాప్ బిజినెస్, మెటా బిజినెస్ సూట్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

మాది సైకిళ్లు బాగుచేసే చిన్న దుకాణం. నేనూ, నా సహాయకుడూ, ఇద్దరమే. చేతులకు ఎప్పుడూ గ్రీజు ఉంటుంది కాబట్టి ఫోను మీద చిటికెన వేలితో టైపు చేయడం ఇద్దరికీ అలవాటైంది. సామాజిక మాధ్యమాలు చూసుకోవడానికి మాకు వేరే మనిషి లేడు. రెండు పంక్చర్ల మధ్య ఐదు నిమిషాలు దొరికితే అప్పుడే ఆ పని. అందుకే ఈ సమీక్షలో నేను చూసేది ఒక్కటే: ఆ ఐదు నిమిషాల్లో ఏది పనికొచ్చింది, ఏది వాటిని తినేసింది.

దుకాణాల కోసం వేరుగా చేసిన వాట్సాప్, అంటే వాట్సాప్ బిజినెస్, 2018 జనవరిలో వచ్చింది. మేము మరుసటి ఏడాది మొదలుపెట్టాం. అందులో అందరూ గొప్పగా చెప్పే కేటలాగు మాకు అంతగా పనికిరాలేదు. ఐదు వందల వస్తువుల దాకా పెట్టుకోవచ్చు గానీ, చైను జారుతోందని వచ్చేవాళ్లు కేటలాగు చూసి రారు. మాకు పనికొచ్చింది లేబుళ్లు, అంటే ఒక్కో ఖాతాదారు సంభాషణకు తగిలించే చీటీలు. ‘సామాను రావాలి’, ‘పని అయింది’, ‘మళ్లీ అడగాలి’ అని మూడు పెట్టుకున్నాం. ఈ మూడోది బంగారం. బ్రేకులు సరిచేసి పంపిన ప్రతివారికీ ఆ లేబుల్ తగిలిస్తాం, నాలుగు రోజుల తర్వాత ‘బ్రేకు గట్టిగా పడుతోందా?’ అని ఒక ముక్క రాస్తాం. సగం మంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలో ఎవరైనా ‘కొంచెం కీచుమంటోంది’ అంటే, ఆ మాట నక్షత్రాల రూపంలో పదిమందిలోకి వెళ్లకముందే మా దగ్గరికి వచ్చినట్టు.

ఇందులోనే నా తలవంపు కూడా ఉంది. మొదట్లో, దానంతట అదే వెళ్లే స్వాగత సందేశాన్ని మంచి హుషారుగా రాసి పెట్టాను: ‘నమస్కారం! మా దుకాణానికి స్వాగతం!’ పక్కన నవ్వు బొమ్మ. ఈ సందేశం మొదటిసారి రాసేవాళ్లకే కాదు, పద్నాలుగు రోజులు మాటామంతీ లేకుండా ఉండి మళ్లీ రాసినవాళ్లకూ వెళ్తుంది. నేను అది పట్టించుకోలేదు. ఒక పాత ఖాతాదారు మూడు వారాల తర్వాత ‘మీరు బిగించిన బ్రేకు నడిరోడ్డు మీద ఊడింది’ అని రాస్తే, మరుక్షణంలో ఆయనకు నవ్వు బొమ్మతో స్వాగతం పలికాం. అప్పటికప్పుడు ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు అక్కడ ఉన్నది ఇంతే: ‘సందేశం అందింది. చేతిలో పని కాగానే చదివి జవాబిస్తాం. ప్రమాదం లాంటిదైతే ఫోను చేయండి.’ నవ్వు బొమ్మ లేదు.

ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే ప్రసార జాబితాల గురించి ఒక్క మాట. ఒక్కో జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. దీన్ని లోపమని కొందరు విసుక్కుంటారు, నాకు మాత్రం ఇది మేలైన కట్టడి. నంబరు దాచుకోనివాళ్లకు మన ప్రకటన అవసరం లేదని అర్థం.

మెటా బిజినెస్ సూట్ 2020లో ఫేస్‌బుక్ పేరు మీద వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సందేశాలూ వ్యాఖ్యలూ ఒకే పెట్టెలో కనిపిస్తాయి, పోస్టులను ముందే రాసి ఫలానా రోజుకు వదలవచ్చు. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా మూడు పోస్టులు సిద్ధం చేస్తాను. అంతకుమించి చేయను. ఒక దశలో రోజుకొకటి పెట్టి చూశాను. చూసేవాళ్లు పెరిగారు, సైకిళ్లు పెరగలేదు. మా పోస్టులన్నింటిలోకీ ఎక్కువ మందిని దుకాణానికి తెచ్చింది, తుప్పు పట్టిన చక్రంలో ఊచలు ఒక్కొక్కటీ బిగిస్తుంటే తీసిన నలభై సెకన్ల వీడియో. అందులో సంగీతం లేదు, మాటలు లేవు.

మధ్యలో ఒక ఏడాది డబ్బు కట్టి వేరే సేవ కూడా వాడాను. అన్ని మాధ్యమాలనూ ఒకచోట చేర్చి, ఖాతాదారుల అభిప్రాయాల్లో మెచ్చుకోలు ఎంత, కోపం ఎంత అని రంగు పటాలు గీసి ఇచ్చేది. పటాలు చూడముచ్చటగా ఉండేవి. ఒకరోజు ఆకుపచ్చ గడిలో, అంటే మెచ్చుకోలులో, ఈ వాక్యం కనిపించింది: ‘ఆహా, ఎంత వేగమండీ! పంక్చర్ వేయడానికి నాలుగే రోజులు పట్టింది.’ మన వెటకారం దానికి అంతుపట్టలేదు. గడువు తీరాక మళ్లీ కట్టలేదు. నెలకు నలభై వ్యాఖ్యలు వచ్చే దుకాణానికి పటం ఎందుకు, కూర్చుని చదివితే అరగంట పని.

ఇక అసలైనది గూగుల్‌లో వెతికినవాళ్లకు మన దుకాణం వివరాలూ, ఖాతాదారుల అభిప్రాయాలూ చూపించే పేజీ. మేము చేరినప్పుడు దాని పేరు గూగుల్ మై బిజినెస్, 2021లో బిజినెస్ ప్రొఫైల్ అయింది. ఇప్పుడు వేరే యాప్ లేకుండా శోధనలోనో మ్యాప్స్‌లోనో మన దుకాణం పేరు కొట్టి అక్కడే మార్పులు చేసుకుంటాం. ఫొటోలు, వివరణ అన్నీ సరే గానీ, ముందు పనివేళలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి మేము మూసే వేళను గంట ముందుకు జరిపి, అక్కడ మార్చడం మరిచిపోయాం. ఒకావిడ గాలిపోయిన సైకిలును నడిపించుకుంటూ అంత దూరం వచ్చి, మూసిన షట్టరును ఫొటో తీసి పెట్టారు. తప్పు నూటికి నూరుపాళ్లూ మాదే. సెలవు రోజులకు ప్రత్యేక వేళలు ముందే నమోదు చేసే వీలుందని ఆ తర్వాతే గమనించాను.

నాకు తెలియకుండా చేసిన ఇంకో తప్పు: నవ్వుతూ వెళ్లేవాళ్లకే అభిప్రాయం రాయమని లింకు పంపేవాణ్ణి. మొహం ముడుచుకున్నవాళ్లకు పంపేవాణ్ణి కాదు. ఇలా ఏరి అడగడం, రాసినందుకు తగ్గింపు ఇవ్వడం, రెండూ గూగుల్ నియమాలకు విరుద్ధమని చదివాక సిగ్గేసింది. ఇప్పుడు ఆ లింకు క్యూఆర్ కోడ్‌గా రసీదు వెనక ఉంటుంది, అందరికీ అదే రసీదు. చెడ్డ అభిప్రాయం తీయించాలన్నా నియమం ఉల్లంఘిస్తేనే. దుకాణదారుకూ ఖాతాదారుకూ మాట తేడా వస్తే గూగుల్ తీర్పు చెప్పదు. మన పక్షం చెప్పుకోవడానికి మిగిలేది కింద ఉన్న జవాబు గడి ఒక్కటే.

ఆ గడిలో నేను ఎక్కువసేపు ఆలోచించి రాసింది ఒక ఒంటి నక్షత్రానికి. ‘కొత్త చైను వేయించాను. ఎత్తు ఎక్కుతుంటే జారిపోతోంది. డబ్బు దండగ.’ నిజానికి ఆయన సైకిలు ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి చైను పట్టే పళ్ల బిళ్ల, పళ్లు అరిగిపోయాయి. అది కూడా మార్చాలని చెప్పాం, ఆయన వద్దన్నాడు. మొదట అదే రాశాను, ‘మీరే వద్దన్నారు’ అని. సహాయకుడు చదివి, ‘నిజమే గానీ, పోట్లాటలా ఉందండీ’ అన్నాడు. చెరిపేసి ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాస్తే అది రైల్వే స్టేషను ప్రకటనలా ఉంది. చివరికి పెట్టింది ఇది: ‘వెనక పళ్లు అరిగి ఉంటే కొత్త చైను బరువు పడగానే జారుతుంది. ఈ మాట నోటితో చెప్పి ఊరుకున్నాం. అరిగిన పన్నూ, కొత్త పన్నూ పక్కపక్కన పెట్టి చూపించాల్సింది. సైకిలు తీసుకురండి, చూపిస్తాను. మార్చాలా వద్దా మీరే చెప్పండి. మళ్లీ కూలి తీసుకోను.’

ఆయన రాలేదు. నక్షత్రం అలాగే ఉంది. మొన్న మాత్రం ఎవరో కొత్తవారు చైను మార్చమని వచ్చి, నేను నోరు తెరవకముందే వెనక చక్రం దగ్గర వంగి, ‘ఏవండీ, ఆ పళ్లు ముందు చూపించండి’ అన్నారు.