ఆరో గది చూపిస్తామన్న యాత్రా బస్సు

అమలాపురం గడియార స్తంభం దగ్గర బయలుదేరి, కంచి, శ్రీరంగం, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి మీదుగా తిరువనంతపురం చేర్చి వెనక్కి తీసుకువచ్చే 11 రోజుల యాత్రా బస్సులో కార్తీకం ముగిశాక మేమిద్దరం వెళ్ళి వచ్చాము. కరపత్రంలో మిగిలిన క్షేత్రాలన్నీ చిన్న అక్షరాలలో ఉండగా "అనంత పద్మనాభుని ఆరో గది దర్శనం" అన్న మాట మాత్రం ఎర్రని పెద్ద అక్షరాలలో ఉంది. తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయపు నేలమాళిగలలో, ఎవరూ తెరవలేదని ప్రచారంలో ఉన్న నిధి గది అది. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ ఎర్ర అక్షరాల గురించే.

భోజనాలకు వంక పెట్టలేము. వంటవాళ్ళు బస్సుతో పాటే వచ్చి, సత్రం దొరికిన చోటల్లా పొయ్యి వెలిగించి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పనసపొట్టు కూరతో రామేశ్వరంలో కూడా కోనసీమ విస్తరే వేశారు. డ్రైవరు నెమ్మదైన మనిషి. వెనక సీట్ల కుదుపు మాత్రం నడుము నొప్పి ఉన్నవారికి పనికిరాదు.

అసలు చిక్కు తిరువనంతపురంలో వచ్చింది. పద్మనాభస్వామి ఆలయంలో దర్శనం రోజంతా సాగదు, విడివిడి వేళలలోనే ఉంటుంది. పొద్దున్న వేళ దాటాక మమ్మల్ని అక్కడ దింపడంతో సాయంత్రం దాకా గోపురం ఎదుట పడిగాపులు పడ్డాము. మగవారు చొక్కా లేకుండా పంచెతోనే లోపలికి వెళ్ళాలన్న నియమం ఉండగా, "ప్యాంటయినా పర్వాలేదండి" అని బయలుదేరే ముందు భరోసా ఇచ్చినందువల్ల, ఇంట్లో బీరువా నిండా పంచెలున్న మావాళ్ళు అక్కడి దుకాణాలలో కొత్తవి కొనుక్కోవలసి వచ్చింది.

ఇక నిధి సంగతి. ఆ నేలమాళిగలు యాత్రికులకు చూపించేవి కావు, ఏ బస్సు నిర్వాహకుడూ చూపించలేడు. మాతో వచ్చిన గైడు ఆ లోటును కథలతో పూడ్చాడు: ఆరో గదికి నాగబంధం, అంటే పాముల కాపలా ఉండే మంత్రబంధం, వేశారనీ, గరుడ మంత్రం తెలిసిన సిద్ధుడు తప్ప ఎవరూ తీయలేరనీ, ఇంతవరకు ఎవరూ తీయలేదనీ చెప్పాడు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2011లో గదులు తెరిచి లెక్క చూడడం మొదలుపెట్టినప్పుడు, గుర్తు కోసం వాటికి ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు పెట్టారు. అప్పుడు తెరవకుండా మిగిలిన బి గదినే మన పత్రికలు ఆరో గది అంటూ వచ్చాయి. మాజీ కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారి) వినోద్ రాయ్ కోర్టుకు ఇచ్చిన ఆడిట్ నివేదిక ప్రకారం, 1990 నుంచి ఆ గదిని కనీసం ఏడుసార్లు తెరిచారు. ఈ మాట అడిగితే గైడు "మాస్టారూ, అన్నీ కాగితాల మీద రాయరండి" అని నవ్వేశాడు. ఆ నిధి విలువ లక్ష కోట్లన్న అంకె కూడా పత్రికలలో తిరిగిన అంచనాయే. 2020 జులై 13న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఆలయ నిర్వహణలో తిరువాన్కూరు రాజవంశపు హక్కును నిలబెట్టి, బి గది తెరవాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆలయ కమిటీలకు వదిలింది.

చెప్పదగిన కథ లేక కాదు. 1750లో మార్తాండవర్మ తన రాజ్యాన్నంతా స్వామికి ధారపోసి, పద్మనాభదాసుడిగా పాలించాడు. రాజే దాసుడైన గుడిలో సొమ్ము ఎందుకు పోగుపడిందో ఆ ఒక్క ముక్కతో బోధపడుతుంది. మన ద్రాక్షారామంలో అఖండదీపానికి గొర్రెలిచ్చిన దాతల సంగతి కూడా రాతి మీద చెక్కి ఉంటుంది కనుక, గుడి ఆస్తికి లెక్క ఉంటుందన్నది గోదావరి యాత్రికులకు కొత్తగా నేర్పవలసిన పని లేదు.

దర్శనం మాత్రం ఈ గందరగోళాన్నంతా మరిపించింది. సుమారు 18 అడుగుల శయనమూర్తిని ఒక్క చూపులో చూడలేము: మొదటి ద్వారంలో ముఖం, చేతి కింద శివలింగం, రెండో ద్వారంలో నాభికమలం మీద బ్రహ్మ, మూడో ద్వారంలో పాదాలు కనిపిస్తాయి. అయ్యప్ప దీక్షల రోజులు కావడంతో ఒక్కో ద్వారం ముందు నిలిచింది క్షణమే అయినా, మా ఆవిడ రాత్రి బస్సులో పాదాల గురించే మాట్లాడింది.

తిండికి, డ్రైవరుకు అయిదుకు నాలుగు, సమాచారానికి ఒకటి ఇస్తాను. వెళ్ళదలచినవారు పంచెలు ఇంటి నుంచే తీసుకెళ్ళి, తిరువనంతపురం ఏ వేళకు చేరుస్తారో ముందే గట్టిగా అడగాలి. కరపత్రం సంగతి చెబితే నిర్వాహకులు మారుస్తామన్నారు. పోయిన వారం గడియార స్తంభం దగ్గర అంటించిన కొత్త పోస్టరులో కూడా ఆరో గది తలుపు, దాని మీద రెండు పాముల బొమ్మలు అలాగే ఉన్నాయి.