కార్లైల్ సంతలో పాత మజిల్ కార్ల బేరాలు

పాత అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజన్ పెట్టిన అరవై, డెబ్బైల నాటి జోరు కారు) కొని బాగుచేయించుకోవాలనే సరదా ఉన్నవాళ్లు ముందు కారు కొనకండి, పెన్సిల్వేనియాలోని కార్లైల్ వెళ్లి రండి. ఏప్రిల్ చివర్లో అక్కడ స్ప్రింగ్ కార్లైల్ పేరుతో పాత కార్లు, విడిభాగాల సంత జరుగుతుంది. 82 ఎకరాల మైదానం నిండా ఎటు చూసినా బంపర్లు, కార్బురేటర్లు, తలుపులే. కాళ్లకు మంచి బూట్లు తప్పనిసరి, వాన పడితే బురద.

మా బావా నేనూ డెట్రాయిట్ నుంచి బయల్దేరాం. ఒహాయో, పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌ల (టోల్ రోడ్ల) మీద దాదాపు 500 మైళ్లు. ఈజీ పాస్ (టోల్ దానంతటదే కట్టే ట్యాగ్) పెట్టుకోండి, లేకపోతే పెన్సిల్వేనియాలో నంబర్ ప్లేటు ఫోటో తీసి ఇంటికి పంపే బిల్లు బాగా ఎక్కువ పడుతుంది. మన్రోవిల్ దగ్గర దిగితే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఆ దారి మొత్తంలో తిండికి నేను ఓటేసేది దానికే.

బస సంగతి మాత్రం అడక్కండి. హారిస్‌బర్గ్ పైక్ మీద ట్రక్ స్టాపుల పక్కన ఓ మోటెల్ బుక్ చేస్తే, ఆన్‌లైన్‌లో చూపిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. రాత్రంతా ట్రక్కుల రొద. తెల్లారగానే మెకానిక్స్‌బర్గ్‌కి మారిపోయాం. కారులో కాస్త దూరమైనా గది శుభ్రం, ధర తక్కువ.

ఇక కార్లు. అమ్మకానికి పెట్టినవన్నీ ఒక పక్కన వరసగా నిలబెడతారు. ఎర్రగా నిగనిగలాడుతున్న 1966 షెవర్లే షెవెల్ ఒకటి, ముందూ వెనకా ‘ఎస్ఎస్ 396’ (పెద్ద 396 ఇంజన్ ఉన్న ఖరీదైన రకం) బ్యాడ్జీలతో కనిపించింది. బావ అప్పుడే ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాడు. డ్రైవర్ తలుపు తెరిచి, కీళ్ల దగ్గరున్న వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) పలక చూశాను. 136తో మొదలైంది. ఆ ఏడాది అసలు ఎస్ఎస్ 396 అయితే 138తో మొదలవ్వాలి. 136 అంటే షెవెల్‌లోనే తక్కువ రకమైన వీ8 (ఎనిమిది సిలిండర్ల) మాలిబు. అడిగితే అమ్మే పెద్దాయన ఏమాత్రం తొణక్కుండా, “ఎస్ఎస్ అని నేను నోటితో అన్లేదుగా” అన్నాడు. నిజమే, బ్యాడ్జీలే అన్నాయి! మాలిబు ధరకిస్తే మంచి కారే. ఆయన అడిగింది ఎస్ఎస్ ధర.

పాంటియాక్ జీటీఓతో ఇంకో తంటా. 1964, 65ల్లో అది లెమాన్స్ అనే మోడల్ మీద ఒక ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే, వీఐఎన్ చూసి పోల్చుకోలేం. 1966 నుంచే విడి మోడల్, నంబర్ 242తో మొదలవుతుంది. ముందువాటికి పాత పాంటియాక్ రికార్డులుండే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ కాగితాల నకలు తెప్పించుకున్నాకే బేరం మాట్లాడాలి.

మాకు నిజంగా నచ్చింది 1969 డాడ్జ్ చార్జర్. మామూలు 318 ఇంజన్, వినైల్ టాప్ (పైకప్పు మీద వినైల్ తొడుగు). వెనక చక్రం వెనకున్న రేకు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం పెడితే పైన పట్టుకుంది, బెత్తెడు కిందికి జరపగానే జారిపడింది. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. డిక్కీలో చాప ఎత్తితే కొత్తగా కొట్టిన నల్లరంగు, దాని కింద వేలు పెడితే రాలే తుప్పు. వినైల్ కింద తడి నిలిచి వెనకద్దం చుట్టూ రేకు తినేస్తుంది, ఆ నీరే డిక్కీలోకి దిగుతుంది. కారు పరీక్షించడానికి మేం డబ్బిచ్చి పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ ఒకాయన పంపిన రిపోర్టులో పెయింట్ ఫోటోలు బోలెడు, కారు కింద తీసినది ఒక్కటీ లేదు. ఇన్‌స్పెక్టర్ని పెట్టుకునే ముందే కారు కింద ఫోటోలిస్తారా అని అడగండి.

సంత అసలు ఉపయోగం తర్వాత తెలిసింది. ఆ చార్జర్‌లో లేనివన్నీ కాగితం మీద రాసుకుని విడిభాగాల వరసలు తిరిగాం. 318 ఇంజన్ సామాను చవక, ఎక్కడైనా దొరుకుతుంది. గ్రిల్, హెడ్‌లైట్లను మూసే తలుపులు, వాటిని తెరిచే వాక్యూమ్ సరంజామా, వెనక లైట్ల చట్రం దగ్గరికొచ్చేసరికి కళ్లు తిరిగాయి. పగుళ్లున్న గ్రిల్‌కి కూడా మంచి ఇంజన్ ధర చెప్పారు. రేకు పని, క్రోమ్ పూత లెక్కలోకి రాకముందే జాబితా మొత్తం కారు ధర దాటింది. “తుప్పుకి డబ్బులు, లేని వాటికి ఇంకా ఎక్కువ డబ్బులు” అని బావ నసుగుడు.

తీరా కొనదలిస్తే, పెన్సిల్వేనియా టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద అమ్మేవాళ్ల సంతకం నోటరీ ముందు జరగాలి, గుర్తుంచుకోండి. తీరికుంటే హెర్షీ ఊళ్లో ఏఏసీఏ పాత కార్ల మ్యూజియం చూడండి. అరుదైన 1948 టక్కర్ కార్లు మూడు ఒకేచోట ఉన్నాయి. మజిల్ కార్ల కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు.

చార్జర్ని వదిలేశాం. మొదటి ప్రాజెక్టుకి మస్టాంగో 1969 కమారోనో మేలు. వాటికి ఫ్లోర్ రేకుల నుంచి మొత్తం బాడీ దాకా కొత్తవి తయారవుతున్నాయి. ఇప్పుడు తేమ తక్కువుండే అరిజోనా వైపు ప్రకటనలు చూస్తున్నాం. ఎండకి సీట్లు చిరిగి, డాష్‌బోర్డు పగిలి ఉంటాయి గానీ రేకు గట్టిగా ఉంటుంది. సీటు కవర్లు కొత్తవి కొనుక్కోవచ్చు.