ఒంటరి మయోరానా, జంట మయోరానా

టోపొలాజికల్ అతివాహక తీగ (నిరోధం లేకుండా విద్యుత్తును మోస్తూ, చివరల్లో ప్రత్యేక స్థితులు ఉండే తీగ) చివర సున్నా శక్తి వద్ద నిలిచే మయోరానా స్థితిని, అంటే తన ప్రతికణం తానే అయినట్టుండే స్థితిని, కాపాడే సౌష్ఠవాలలో రెండింటిని పోల్చి చూడాలి. భౌతికశాస్త్రవేత్త అలెక్సీ కితాయెవ్ 2001లో ప్రతిపాదించిన గొలుసుకు (అలాంటి తీగకు ఒక సరళ నమూనా) కణ-రంధ్ర సౌష్ఠవం ఒక్కటే చాలు: ప్రతి ధన శక్తికీ అంతే ఋణ శక్తి వద్ద ఒక జోడీ ఉండి తీరాలి కనుక, ఒంటరి స్థితి సున్నాను విడిచి కదలలేదు. రెండు చివరల స్థితులు ఒకదానితో ఒకటి కలిసి సున్నా నుంచి చీలిపోయే అవకాశం కూడా తీగ పొడవు పెరిగేకొద్దీ ఘాతీయంగా తగ్గిపోతుంది. అయితే ఒకే చివర రెండు మయోరానాలు చేరితే ఈ రక్షణ నిలవదు.

కాల విలోమ సౌష్ఠవం (కాలాన్ని వెనక్కి తిప్పినా నియమాలు మారకపోవడం) కూడా ఉన్న తీగలో అవి క్రామర్స్ జంటగా, అంటే ఆ సౌష్ఠవం వల్ల ఒకే శక్తి పంచుకునే రెండు స్థితులుగా, సున్నా వద్దే ఉంటాయి, కానీ అయస్కాంత మలినం ఒకటి చేరితే ఆ జంట చీలిపోవచ్చు. కణ-రంధ్ర సౌష్ఠవం అతివాహకపు వర్ణనలోనే ఇమిడి ఉంటుంది కనుక, మొదటిదే గట్టిదని నా అభిప్రాయం. బయటి అయస్కాంత క్షేత్రం అక్కరలేకపోవడం మాత్రం రెండోదానికి నిజమైన బలం, ఎందుకంటే బలమైన క్షేత్రం అతివాహకతనే దెబ్బతీస్తుంది.