డీడబ్ల్యూఎం1000 యూడబ్ల్యూబీ మాడ్యూల్: రెండేళ్లు వాడాక

గది లోపల దూరం కొలవడానికి బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని నమ్ముకుంటే మీటర్లలో తేడా వస్తుంది. డీడబ్ల్యూ1000 చిప్ ఉన్న ఈ యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) మాడ్యూల్ అయితే, మధ్యలో అడ్డం లేకుంటే, 10 సెంటీమీటర్లు అటూ ఇటూగా చెబుతుంది. ఆ మాట నిజమే. కానీ డబ్బా విప్పగానే కాదు, కాలిబ్రేషన్ చేసుకున్నాకే.

ఇది చూసేది పల్స్ ప్రయాణించిన సమయాన్ని. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. చిప్ గడియారంలో ఒక్కో టిక్కు 15.65 పికోసెకన్లు, అంటే దూరంలో 4.7 మిల్లీమీటర్లు. అందుకే యాంటెన్నా డిలే (చిప్‌కూ యాంటెన్నాకూ మధ్య సిగ్నల్‌కు పట్టే సమయం, టిక్కుల్లో) తప్పితే మొత్తం తప్పుతుంది. దాన్ని సున్నాగా వదిలేస్తే బల్ల మీద పక్కపక్కనున్న బోర్డులు కూడా 154 మీటర్ల దూరం చూపిస్తాయి! 16436తో మొదలుపెట్టండి. బోర్డులను టేపుతో కొలిచి 5 మీటర్ల ఎడంగా, ఛాతీ ఎత్తు స్టాండ్ల మీద నిలబెట్టి వంద రీడింగుల సగటు తీయండి. 20 సెంటీమీటర్లు ఎక్కువ వస్తే ఒక బోర్డులో టీఎక్స్ (పంపే), ఆర్‌ఎక్స్ (అందుకునే) డిలే విలువలు రెండింటినీ 43 చొప్పున పెంచితే సరిపోతుంది. మరీ దగ్గర పెట్టి చేయొద్దు. సిగ్నల్ బలంగా ఉన్నప్పుడు రీడింగే ఒక పక్కకు ఒరుగుతుంది.

చాలామంది ఒక బోర్డు అడిగి, రెండోది ఒక్క జవాబిచ్చే సింగిల్ సైడెడ్ రేంజింగ్‌తో సరిపెట్టుకుంటారు. రెండు బోర్డుల గడియారాలను నడిపే క్రిస్టల్స్ మధ్య 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) తేడా ఉండి, జవాబు 1 మిల్లీసెకను ఆలస్యమైతే చాలు, మీటరున్నర తప్పు. ఇంకో మెసేజ్ ఖర్చయినా రెండు వైపులా సమయం కొలిచే డబుల్ సైడెడే వాడండి.

వైరింగ్‌లో ఎక్కువగా ఏడిపించేది ఎస్‌పీఐ (మైక్రోకంట్రోలర్, మాడ్యూల్ మాట్లాడుకునే లైన్లు). చిప్ లేచే దశలో క్లాక్ 3 మెగాహెర్ట్జ్ దాటకూడదు, పీఎల్‌ఎల్ (చిప్ లోపలి వేగపు క్లాక్) లాక్ అయ్యాక 20 వరకు పెంచుకోవచ్చు. డివైస్ ఐడీ డీఈసీఏ0130 అని రావాలి. అన్నీ ఎఫ్‌లే వస్తుంటే ముందు ఈ స్పీడు, తర్వాత సోల్డరింగ్ చూడండి. రీసెట్ పిన్ను కిందికి లాగి వదిలేయాలి, 3.3 వోల్టులు ఇచ్చి పైకి నెట్టకూడదు. రిసీవ్‌లో కరెంటు 100 మిల్లీఆంపులు దాటుతుంది కాబట్టి నాసిరకం రెగ్యులేటర్ ఉన్న చవక బోర్డులు మధ్యలో రీసెట్ అవుతాయి. మాడ్యూల్ పక్కనే 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. బటన్ సెల్‌తో నడపాలన్న ఆశ మానుకోండి.

అసలు చిక్కు మనిషి శరీరం. ట్యాగ్ (మనిషి దగ్గరుండే మాడ్యూల్) జేబులో ఉండి యాంకర్‌కు (ఒకచోట కదలకుండా ఉండే మాడ్యూల్‌కు) వీపు పెడితే నేరు పల్స్ ఒంట్లోని నీటిలో ఇంకిపోయి, గోడకు తగిలి తిరిగొచ్చింది దొరుకుతుంది. దూరం ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ కాదు. మొత్తం పవర్, ఫస్ట్ పాత్ (మొదట చేరిన పల్స్) పవర్‌ల మధ్య తేడా 6 డీబీ లోపుంటే రీడింగ్ నమ్మొచ్చు, 10 దాటితే పారేయండి. ఇనుప బీరువా వెనక మాత్రం ఏ ఫిల్టరూ ఆదుకోదు.

ఫోన్‌తో కలపాలనుకునేవాళ్లు దీన్ని కొనొద్దు. దీనికి 9వ ఛానెల్ లేదు, 802.15.4జెడ్ (ఫోన్లు వాడే కొత్త యూడబ్ల్యూబీ ప్రమాణం) రాదు. ఆ పనికి డీడబ్ల్యూ3000 వరస తీసుకోండి.