ప్యాకేజీ సరే, లోపల ఎలా ఉంటుంది?

పెళ్ళిళ్ళలో బాబాయిలు అడిగేది ప్యాకేజీ ఎంత అని. ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలు అడిగేదీ అదే. కాబట్టి ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను.

కోవిడ్‌కి ముందు బెంగళూరులో చేరాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో, మా మేడమీద గదిలోంచి అదే కంపెనీకి పనిచేస్తున్నాను. పేరు అనవసరం. వేలమంది ఉద్యోగులున్న అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకోండి చాలు.

ఆఫర్ లెటర్‌లో కనిపించే అంకె అంతా నెలనెలా చేతికి రాదు. అందులో జీతం కొంత, బోనస్ కొంత, మిగతాది కంపెనీ షేర్లు. షేర్లు మామూలుగా 4 ఏళ్ళ మీద విడతలుగా వస్తాయి. చాలాచోట్ల మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్కటి కూడా రాదు. చేతికొచ్చిన రోజున వాటి విలువను జీతంగానే లెక్కేస్తారు, టాక్స్ కోసం కొన్ని అమ్మేసి మిగతావి మన ఖాతాలో వేస్తారు. ఆ తర్వాత ధర పడిపోయినా కట్టిన టాక్స్ వెనక్కి రాదు. పైగా అవి అమెరికా కంపెనీ షేర్లు కాబట్టి ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. మన లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి, దానికి మాత్రం జనవరి నుంచి డిసెంబర్. మిర్చి కమీషన్ వ్యాపారుల పద్దులు అలవోకగా తేల్చే మా ఆడిటర్ గారు ఆ స్టేట్‌మెంట్ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళారు.

ఇక పని. నాకు బాగా నచ్చింది ఇక్కడి రాత అలవాటు. పెద్ద మార్పు ఏది చేయాలన్నా ముందు డాక్యుమెంట్ రాయాలి: సమస్య ఏమిటి, ఏయే దారులున్నాయి, ఈ దారే ఎందుకు. దాని పక్కన ఎవరైనా కామెంట్ పెట్టొచ్చు. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నాయన డిజైన్ మీద "ఇది ఎందుకు?" అని రాస్తే ఆయన జవాబు చెప్పి తీరాలి. సార్, మేడం అనడాలు లేవు. మనం రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి ఒప్పుకుంటే తప్ప ముందుకు పోదు. మొదట్లో విసుగొస్తుంది, తర్వాత అది లేనిచోట పనిచేయాలంటే భయమేస్తుంది.

వంతులవారీగా ఆన్‌కాల్ ఉంటుంది, అంటే మన వంతు వచ్చినప్పుడు ఏ వేళ సమస్య వచ్చినా లేచి మనమే చూడాలి. ఆ వారం ఫోన్ తలగడ పక్కనే. ఒకరాత్రి మా సర్వీసు ఉన్నట్టుండి ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. లేచి చూస్తే, సర్వీసు అసలైనదేనని అవతలి కంప్యూటర్లకు రుజువు చూపే డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఏ కమాండ్ తర్వాత ఏది కొట్టాలో రన్‌బుక్‌లో, అంటే ఇలాంటప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్న నోట్సులో, వరసగా ఉంది. కొత్తది పెట్టగానే ఎర్రర్ల గ్రాఫ్ దిగింది, నేను మళ్ళీ పడుకున్నాను. తర్వాత రాసిన రిపోర్టులో ఎవరి పేరూ లేదు, అది ఇక్కడి పద్ధతి. ఎవరు చేశారని అడగరు, ఎలా జరగగలిగిందని అడుగుతారు. గడువు దగ్గరపడుతోందని అలారం ముందే ఎందుకు రాలేదు? వచ్చింది. ఎప్పుడో రద్దయిన ఒక టీమ్ మెయిల్ ఐడీకి వచ్చింది.

ఆ మెయిల్ ఐడీ మార్చారు. అలాంటి మిగతా ఐడీలన్నీ వెతికి పట్టుకునే ప్రోగ్రాం కూడా రాశారు. బాగా నడుస్తున్న ఆ టీమ్‌ను అసలు ఎందుకు తీసేశారన్న ప్రశ్న మాత్రం రిపోర్టులో లేదు. నా దృష్టిలో పెద్ద కంపెనీ అంటే ఇదే. చిన్న తప్పుకి ఐదుసార్లు "ఎందుకు" అని అడుగుతారు, పైనుంచి వచ్చిన నిర్ణయానికి ఒక్కసారి కూడా అడగరు. రీఆర్గ్ (టీములను మార్చి మళ్ళీ పేర్చడం) అని ఒక మెయిల్ వస్తుంది, పొద్దున్నకి మేనేజర్ మారిపోతాడు. ఏడాది చివర రేటింగుల కోసం మేనేజర్లందరూ కూర్చుని మనుషుల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అక్కడ మన తరఫున మాట్లాడాల్సినాయన నెలక్రితం వచ్చినవాడైతే, మనం చేసిన పని ఆయనకేం తెలుస్తుంది? అందుకే వారంవారం ఏం చేశానో రాసిపెట్టుకుంటాను. 2023లో ఉద్యోగాలు తీసేసినప్పుడు నేను మిగిలాను, నాకంటే బాగా పనిచేసేవాళ్ళు పోయారు. కారణం ఎవరూ చెప్పలేదు.

గుంటూరు నుంచి పనిచేయడం గురించి రెండు మాటలు. ఇన్వర్టర్, రెండు కంపెనీల నెట్ కనెక్షన్లు తప్పనిసరి. మే నెలలో మేడమీద గదికి ఏసీ సరిపోదు, లాప్‌టాప్ కిందికి దించాల్సిందే. అమెరికా పడమటి తీరం వాళ్ళ ఉదయం 8 గంటల మీటింగ్ మనకి వేసవిలో రాత్రి 8:30, నవంబర్లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 9:30. ఇంట్లో భోజనాల వేళ కూడా దాంతోపాటే జరుగుతుంది. "పగలంతా ఇంట్లోనే ఉంటావు, రాత్రి అన్నానికి రమ్మంటే పని అంటావేంట్రా" అని పిన్ని సణుగుడు. టీమ్ బెంగళూరు ఆఫీసులో కలిసినప్పుడు కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి యశ్వంతపూర్‌లో దిగుతాను. నిజం చెప్పాలంటే, పెద్ద ప్రాజెక్టులు ఎవరికి వెళ్ళాలో తేలేది ఆ ఆఫీసు క్యాంటీన్ కబుర్లలోనే. దూరంగా ఉన్నవాడికి ఆ నష్టం ఉంటుంది.

చేరాలనుకుంటే చేరండి, నేనైతే ఇప్పట్లో మానను. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు మొహమాటపడకండి. ఆన్‌కాల్ వంతు ఎంతమంది పంచుకుంటారో, రాత్రి కాల్స్ ఎన్నొస్తాయో, గత రెండేళ్ళలో ఆ టీమ్‌కి ఎంతమంది మేనేజర్లు మారారో అడగండి. మూడో ప్రశ్నకి అవతలివాళ్ళు నవ్వితే, ఎందుకు నవ్వారో కూడా అడగండి.